ముందు ఊపిరి నిలవాలి: విశాఖలో ఓపియాయిడ్ వ్యసనం, అందుబాటులో ఉన్న ఆసరా

విశాఖలో మత్తు అనగానే అందరి మనసూ గంజాయి మీదికే పోతుంది. అందులో వింతేమీ లేదు. చింతపల్లి, జి.మాడుగుల వైపు కొండల్లో పండిన సరుకు ఘాట్ రోడ్డు దిగి మైదానానికి రావాల్సిందే. చెక్‌పోస్టులు, పట్టివేతలు, కోర్టు కేసులు, ఏళ్లుగా జిల్లా పేజీల నిండా ఇవే వార్తలు. 2024 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక విభాగం పెట్టి, సమాచారం ఇవ్వడానికి 1972 నంబరు తెచ్చింది. దాని ప్రధాన పోరాటం కూడా గంజాయి మీదే.

ఈ హడావిడి చాటున ఇంకో మత్తు ఉంది. దానికి గంజాయిలాంటి వాసన ఉండదు, కళ్లు ఎర్రబడవు. ఆపరేషన్ తర్వాత నొప్పి తెలియకుండా ఆస్పత్రిలో ఇచ్చే పెంటజోసిన్ ఇంజెక్షన్, నడుం నొప్పికని రాసే ట్రమడాల్ మాత్ర, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, వీటన్నిటికీ పెద్దన్న లాంటి హెరాయిన్. నల్లమందు వంశానికి చెందినవీ, దాన్ని చూసి ఫ్యాక్టరీలో తయారుచేసినవీ కలిపి డాక్టర్లు వీటిని ఓపియాయిడ్లు అంటారు. మత్తు కోసం అమ్ముతున్న ఇంజెక్షన్ ఆంపూల్స్‌ను నగరంలో పోలీసులు పట్టుకున్నారన్న వార్తలు కొన్నేళ్లుగా వస్తూనే ఉన్నాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఢిల్లీ ఎయిమ్స్‌తో చేయించి 2019లో విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం, దేశంలో ఓపియాయిడ్ల వల్ల ఇబ్బంది పడుతూ సాయం అవసరమైనవాళ్లు సుమారు 77 లక్షల మంది. వాళ్లలో సగానికి పైగా కొన్ని రాష్ట్రాల్లోనే ఉన్నారని చెబుతూ పంజాబ్, ఉత్తరప్రదేశ్, ఢిల్లీల పక్కన ఆ సర్వే పేర్కొన్న పేర్లలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ సంగతి మన దగ్గర పెద్దగా చర్చకు రాలేదు.

గంజాయినీ దీన్నీ ఒకే గాటన కట్టడం వల్ల జరిగే నష్టం మాటలతో పోయేది కాదు. గంజాయి మనసును పాడుచేస్తుంది, చదువును పాడుచేస్తుంది. కానీ గంజాయి తాగినవాడికి ఊపిరి ఆగిపోదు. ఓపియాయిడ్‌తో ఆగిపోతుంది. నిద్రలో ఉన్నా మన చేత గాలి పీల్పించే పని మెదడు అడుగు భాగానిది. ఈ మందులు నొప్పిని అణిచే దారిలోనే ఆ భాగాన్నీ అణుస్తాయి. డోసు పెరిగేకొద్దీ శ్వాస నెమ్మదిస్తుంది, ఆఖరికి ఆగుతుంది. దాంతోపాటు మద్యమో నిద్రమాత్రలో పడితే ఆ ఆగడం ఇంకా తొందరగా వస్తుంది. ఈ రెండు మత్తుల మీదా ఒకే ఉపన్యాసం ఇచ్చి, ఒకే రకం చికిత్స చేసి, ఒకే రకంగా గదిలో పెట్టి మానిపించాలని చూస్తే ఇంజెక్షన్ వేసుకునేవాడి విషయంలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఎలాగంటే, రోజూ ఓపియాయిడ్ తీసుకునే ఒంటికి అది అలవాటై, కొత్తలో మనిషిని పడగొట్టే డోసు ఆరు నెలలకి ఏమీ చేయదు. అలా డోసు పెరుగుతూ పోతుంది. తర్వాత ఆ మనిషిని ఓ కేంద్రంలో చేర్పిస్తారు, లేదా కేసులో అడవివరం సెంట్రల్ జైలుకు వెళ్తాడు. కొన్ని వారాలు చుక్క కూడా దొరకదు. ఈలోగా ఒంటికున్న అలవాటు పోతుంది. మనసుకున్న ఆశ మాత్రం పోదు. బయటికొచ్చిన మూడో రోజో, పదో రోజో పాత స్నేహితుడు కనిపిస్తాడు. చేతికి తెలిసింది పాత డోసే కాబట్టి అదే వేసుకుంటాడు. ఒళ్లు దాన్ని తట్టుకునే స్థితిలో లేదు. జైలు నుంచో చికిత్స కేంద్రం నుంచో వచ్చిన మొదటి రెండు వారాల్లో చావు ముప్పు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువని అనేక దేశాల్లో జరిగిన పరిశోధనలన్నీ ఒకే మాటగా చెబుతున్నాయి. మన ఇళ్లలో ఆ రెండు వారాలే అందరూ ఊపిరి పీల్చుకునే సమయం. “మానేశాడు, గండం గడిచింది” అనుకుని మొక్కులు తీర్చుకునే సమయం. అసలు గండం అప్పుడే మొదలవుతుందని డిశ్చార్జి రోజున తల్లిదండ్రులకు కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పకుండా పంపించడం వైద్యంలో లోపమే.

ఓవర్‌డోస్ చూడ్డానికి భయంకరంగా ఉండదు, అదే దానితో వచ్చిన చిక్కు. మనిషి పడుకుని గురక పెడుతున్నట్టే ఉంటాడు. వినగా వినగా ఆ గురకలో తేడా తెలుస్తుంది. గొంతులో నీళ్లు గుడగుడలాడినట్టు ఓ శబ్దం, తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు, మళ్లీ ఓ శబ్దం. పెదాలు, గోళ్లు నీలంగానో బూడిద రంగులోనో మారతాయి. రెప్ప ఎత్తి చూస్తే కంటి పాప ఆవగింజంత ఉంటుంది. పేరు పెట్టి పిలిచినా, గుండె ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దినా చలనం ఉండదు. “మత్తులో ఉన్నాడు, పొద్దున్నకి దిగిపోతుందిలే” అని దుప్పటి కప్పి తలుపు దగ్గరకి వేస్తే తెల్లారేసరికి ఆ మనిషి ఉండడు.

మన ఇళ్లలో మత్తు దించడానికి తెలిసిన చిట్కాలు నిమ్మరసం, మజ్జిగ, నెత్తి మీద చన్నీళ్లు. స్పృహ లేనివాడి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఏమీ పోయకూడదు. 108కి ఫోన్ చేసి, మనిషి ఊపిరి సరిగ్గా తీయడం లేదని మొదటి మాటగా చెప్పాలి. శ్వాస ఆగిపోతూ ఉంటే తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటితో అయిదు సెకన్లకొకసారి గాలి ఊదాలి. ఊపిరి ఆడుతూ ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, వాంతి అయినా గొంతుకి అడ్డం పడదు. ఆస్పత్రిలో ఏం వేసుకున్నాడో దాచకూడదు. పోలీసు కేసు అవుతుందన్న భయంతో “కళ్లు తిరిగి పడిపోయాడు” అని చెబితే డాక్టరు షుగర్ చూస్తూ, ఈసీజీ తీస్తూ ఉండగానే, ఊపిరి ఆగాక మెదడు తట్టుకునే ఆ నాలుగు నిమిషాలూ అయిపోతాయి.

ఆ నాలుగు నిమిషాల్లో పనిచేసే మందు ఉంది, పేరు నలోక్సోన్. కండకి ఇంజెక్షన్‌గా ఇచ్చినా కొద్ది నిమిషాల్లో ఓపియాయిడ్‌ను మెదడులోని దాని చోటు నుంచి తోసేసి శ్వాస తిరిగి తెస్తుంది. దానికి మత్తు లేదు, అలవాటు కాదు, ఓపియాయిడ్ తీసుకోనివాడికి పొరపాటున ఇచ్చినా హాని చేయదు. దాని ప్రభావం అరగంట నుంచి గంటన్నర వరకే ఉంటుంది. వేసుకున్న సరుకు ఒంట్లో అంతకంటే ఎక్కువసేపు ఉంటే మనిషి మళ్లీ మత్తులోకి జారిపోతాడు. అందుకే కళ్లు తెరిచాడని ఇంటికి తీసుకుపోకూడదు. ఓవర్‌డోస్‌ను చూసే అవకాశం ఉన్న కుటుంబ సభ్యులు, స్నేహితుల చేతికే ఈ మందు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. కొన్ని దేశాల్లో ముక్కులో కొట్టే స్ప్రేగా మందుల షాపులోనే ఇస్తున్నారు. మన దగ్గర అది ఇంకా చాలావరకు ఆస్పత్రి బీరువాలో ఉండే ఇంజెక్షనే. వార్డు సచివాలయంలో ఏఎన్ఎం ఉంది, వీధికో ఆశా కార్యకర్త ఉంది. ఎలా వాడాలో ఒక్క మధ్యాహ్నంలో నేర్పించవచ్చు. డబ్బు లేకో మనుషులు లేకో ఆగిన పని కాదిది. ఇలాంటి మరణాలు మన ఊళ్లో కూడా జరుగుతాయని ఒప్పుకోవడమే మిగిలి ఉంది.

ఇక చికిత్స మాట. ఓపియాయిడ్ ఆపిన కొన్ని గంటలకి ఒంటి బాధ ఆవలింతలతో మొదలవుతుంది. ముక్కు కారుతుంది, ఒళ్లు గగుర్పొడుస్తుంది, కడుపు మెలిపెడుతుంది, విరేచనాలు, నిద్ర లేకుండా రాత్రంతా కాళ్లు పీకేస్తాయి. హెరాయిన్ లాంటివాటికి రెండు మూడు రోజుల్లో ఇది తీవ్రమై, వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఈ పది రోజులు దాటించడాన్నే చాలామంది చికిత్స అనుకుంటారు. ప్యాకేజీ మాట్లాడుకుని, డబ్బు కట్టి, ‘క్లీన్’ అయిన మనిషిని ఇంటికి తెచ్చుకుంటారు. కేవలం ఒంట్లోంచి సరుకు దించి పంపిస్తే ఎక్కువమంది మళ్లీ మొదలుపెడతారన్నది దశాబ్దాల అనుభవం. అది వాళ్ల బుద్ధి మంచిది కాక జరిగేది కాదు. నెలల తరబడి మెదడు ఆ లోటును మర్చిపోదు.

నిలబడే చికిత్స వేరే ఉంది. బ్యూప్రెనార్ఫిన్ అనే మాత్రను నాలుక కింద పెట్టి కరిగిస్తారు. ఇదీ ఓపియాయిడ్డే, అయితే సగం తాళం తీసినట్టు పనిచేస్తుంది. ఒంటి బాధ పోతుంది, ఆరాటం తగ్గుతుంది, ఎగసిపడే మత్తు రాదు. ఒక స్థాయి దాటాక డోసు పెంచినా శ్వాస మీద దాని ఒత్తిడి పెద్దగా పెరగదు. ఒక్కసారి వేసుకుంటే రోజంతా నిలుస్తుంది. ఈ మాత్రగానీ, ఇదే పనికి వాడే మెథడోన్ అనే ఇంకో ఓపియాయిడ్‌గానీ క్రమం తప్పకుండా తీసుకుంటున్నవాళ్లలో మరణాలు దాదాపు సగానికి తగ్గుతాయని పెద్ద పెద్ద అధ్యయనాలు తేల్చాయి. ఈ రెండూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. మన దేశంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం దాదాపు అదే దశాబ్దం చివర్లో ఇంజెక్షన్లు వేసుకునేవాళ్లకి ఈ చికిత్సను తన పనిగా చేపట్టింది. మత్తు సరుకుకి బదులు మందు ఇచ్చే ఈ చికిత్సను డాక్టర్లు ఓఎస్టీ అంటారు.

ఓఎస్టీ కౌంటరు చూస్తే రేషన్ షాపు గుర్తొస్తుంది. కార్డు, రిజిస్టరు, వరస. నర్సు మాత్రను పొడి చేసి నాలుక కింద వేస్తుంది, ఎవరూ దాచుకుని బయట అమ్ముకోకుండా ఉండటానికి. తర్వాత ఐదు పది నిమిషాలు బల్ల మీద కూర్చోవాలి, మాట్లాడకూడదు, మింగకూడదు. కరిగాక నోరు తెరిచి చూపించి పనికి పోవడమే. మర్నాడు మళ్లీ రావాలి. మొదటి రోజు మాత్రం ఓ నియమం ఉంది. చివరిసారి వేసుకున్న మత్తు దిగి, ఒళ్లు నొప్పులు, ఆవలింతలు మొదలయ్యాకే మొదటి మాత్ర ఇవ్వాలి. సరుకు ఒంట్లో ఉండగానే వేసుకుంటే బాధ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అది తెలియక “ఈ మాత్ర నాకు పడలేదు” అని మొదటి రోజే వదిలేసినవాళ్లున్నారు. మామూలు మెడికల్ షాపులో ఈ మాత్ర దొరకదు, గుర్తింపు ఉన్న చికిత్స కేంద్రాల్లోనే ఇవ్వాలన్న నిబంధన ఉంది.

“మత్తు మానడానికి ఇంకో మత్తా?” అని అడగని కుటుంబం ఉండదు. తెలుగులో మందు అన్న ఒక్క మాటలోనే జబ్బు నయం చేసేదీ, సీసాలో తాగేదీ ఇమిడి ఉండటం ఈ అనుమానాన్ని ఇంకా పెంచుతుంది. షుగరున్నవాడికి రోజూ ఇన్సులిన్ వేస్తుంటే “ఎప్పుడు మానతావు?” అని ఎవరూ అడగరు. ఈ మాత్ర వేసుకుంటున్న కుర్రాణ్ణి మాత్రం నెల తిరక్కుండానే అడుగుతారు. ఆపించేస్తారు కూడా. అప్పుడు జరిగేది పైన చెప్పిన ఆ రెండు వారాల కథే. ఎన్నాళ్లు వాడాలన్నది డాక్టరూ రోగీ కూర్చుని తేల్చుకోవాలి. ఏడాది కావచ్చు, కొన్నేళ్లు కావచ్చు. తగ్గించినా మెల్లగా తగ్గించాలి. మేనత్త అడిగిందనో, పెళ్లిచూపులు కుదిరాయనో ఆపే మాత్ర కాదది.

ఈ చికిత్సకి అసలు శత్రువు దూరం. గాజువాకలో ఉండే వెల్డర్‌కి రోజూ నగరంలోకి బస్సులో వచ్చి, వరసలో నిలబడి, తిరిగి వెళ్లేసరికి సగం రోజు కూలి పోతుంది. భీమిలి వైపు నుంచి వచ్చేవాడిదీ అదే గతి. ఉదయం షిఫ్టుకి ముందే తెరిచే కౌంటరు ఒక్కటి పారిశ్రామిక ప్రాంతంలో ఉంటే, ఎన్ని అవగాహన ర్యాలీలు చేసినా రాని ఫలితం వస్తుంది.

ఇంజెక్షన్ వల్ల వచ్చే జబ్బులది ఇంకో లెక్క. మే నెల ఉక్కపోతలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా తీయని కుర్రాడి చేతిని ఓసారి చూడాలి. పెంటజోసిన్ పదేపదే పొడిచిన చోట చర్మం నల్లబడి, కింద కండ చెక్కలా బిగిసి, నడిమధ్యన రూపాయి బిళ్లంత పుండు పడుతుంది. అంచులు గట్టిగా ఉంటాయి, చీము కారుతూ నెలలు గడిచినా మానదు. చేయి మడవడం కష్టమవుతుంది. సిగ్గుతో ఎవరికీ చూపించడు. పుండుకి కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాణ్ణి “ముందు మానెయ్, తర్వాత రా” అని పంపేసే చోట అతను మళ్లీ అడుగు పెట్టడు. హాని తగ్గించడం అంటే ఇక్కడే మొదలవుతుంది. మానినా మానకపోయినా పుండుకి కట్టు కట్టాలి, కొత్త సూది ఇవ్వాలి, వాడిన సూది వెనక్కి తీసుకోవాలి. ఒకరి సూది, సిరంజి, దూది, కలుపుకునే నీళ్లు కూడా ఇంకొకరు ముట్టకూడదని నేర్పాలి. సూదులు పంచుకోవడం వల్ల 1990లలో మణిపూర్‌లో హెచ్ఐవీ ఎంత వేగంగా పాకిందో దేశం చూసింది. ఈ పద్ధతి అక్కడి గాయం నుంచి నేర్చుకున్నదే.

సూదులు పంచితే వ్యసనాన్ని ప్రోత్సహించినట్టు కాదా అనే ప్రశ్నకి చట్టమే జవాబిచ్చింది. 2017 నాటి హెచ్ఐవీ ఎయిడ్స్ చట్టం 22వ సెక్షన్, ముప్పు తగ్గించడానికి శుభ్రమైన సూదులు ఇచ్చేవాళ్ల మీద, తీసుకునేవాళ్ల మీద నేరం మోపకూడదని చెబుతుంది. హెచ్ఐవీకి ఉచిత మందులిచ్చే ఏఆర్టీ కేంద్రం కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్)లో ఉంది. సూదుల ద్వారానే పాకే కాలేయ జబ్బు హెపటైటిస్ సి సోకినా ఇప్పుడు కంగారు పడక్కర్లేదు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మాత్రలు ఉచితం, ఎక్కువమందికి పన్నెండు వారాల్లో నయమవుతుంది. పరీక్ష చేయించుకోవడమే జరగడం లేదు.

పోలీసుల భయం గురించి కూడా తెలుసుకోవాల్సింది ఉంది. మత్తు పదార్థాల కేసులు పెట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. వాడినందుకో, చిన్న పరిమాణంలో దగ్గర ఉంచుకున్నందుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన చోట చికిత్సకి చేరితే ఆ విచారణ నుంచి రక్షణ కోరవచ్చు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాడికి ఇది వర్తించదు. కుర్రాడు పట్టుబడిన రాత్రి ఈ సెక్షన్ సంగతి చెప్పే వకీలు దొరికితే అతని జీవితం ఇంకో దారి పడుతుంది.

విశాఖలో మొదట తలుపు తట్టాల్సినవి చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆస్పత్రి, మహారాణిపేటలోని కేజీహెచ్ సైకియాట్రీ విభాగం. పిచ్చాసుపత్రి అనే పాత పేరుకి జంకి చాలామంది చినవాల్తేరు గేటు దాకా వచ్చి తిరిగిపోతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వ్యసనాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది. చికిత్స పొందడం హక్కు. గొలుసులతో కట్టేయడం నిషేధం. ప్రైవేటు కేంద్రంలో చేర్చేముందు ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు ఎన్నిసార్లు వస్తాడు, ఇంటివాళ్లని కలవనిస్తారా, బ్యూప్రెనార్ఫిన్ ఇస్తారా, డిశ్చార్జి తర్వాత ఎవరు చూస్తారు అని అడగాలి. “మూడు నెలలు ఫోన్ కూడా చేయకండి, మేం చూసుకుంటాం” అనే చోట చేర్చకపోవడమే మంచిది. ఇంటి నుంచే మాట్లాడాలంటే వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఇబ్బందులకి టెలి మానస్ 14416, హెచ్ఐవీ సందేహాలకి 1097.

తోటివాళ్ల సమావేశాలూ పనికొస్తాయి. నార్కోటిక్స్ అనానిమస్ 1953లో కాలిఫోర్నియాలో మొదలై మన దేశానికీ వచ్చింది. డబ్బు అడగరు, ఇంటిపేరు అడగరు, అదే దారిలో నడిచొచ్చినవాడు ఎదురుగా కూర్చుంటాడు. అయితే అలాంటి చోట్ల కొందరు మాత్ర వేసుకునేవాణ్ణి మానినవాడిగా లెక్కించరు. సమావేశానికి వెళ్లాలి, మాత్రా వేసుకోవాలి. ఒకదాని కోసం ఇంకోటి వదిలితే నష్టమే.

ఇంట్లో జరిగేదే అన్నిటికంటే ఎక్కువ. డ్వాక్రా మీటింగులో అప్పు గురించి, ఆడపడుచు గురించి, గర్భసంచి ఆపరేషన్ గురించి చెప్పుకునే ఆడవాళ్లు కొడుకు చేతి మీది సూది గుర్తుల గురించి మాత్రం చెప్పుకోరు. పరువు, కూతురి సంబంధం, రెండూ అడ్డొస్తాయి. “పెళ్లి చేస్తే దారికొస్తాడు” అని ఓ పిల్లని తీసుకొచ్చి ఆ గదిలో పెడతారు. వ్యసనం పోదు సరికదా, ఇంకో జీవితం దానికి కాపలా కాయాల్సి వస్తుంది. ఈ సలహా ఇచ్చే పెద్దలకి ఎదురు చెప్పడం ఆ తల్లికి ఒంటరిగా సాధ్యం కాదు. అదే సంఘంలో ఇంకో ఇద్దరు తల్లులు నోరు విప్పితే సాధ్యమవుతుంది.

కేంద్రం నుంచి వచ్చిన కొడుకుతో మొదటి రోజే మాట్లాడాల్సిన మాట ఒకటుంది, చాలామందికి అది నోరు దాటి రాదు. “మళ్లీ వేసుకోకు నాయనా, కానీ వేసుకోవాలనిపిస్తే పాత డోసు వేసుకోకు, చచ్చిపోతావు. ఒంటరిగా ఉండకు. తలుపు గడియ పెట్టుకోకు.” ఇలా చెబితే వేసుకోమని చెప్పినట్టవుతుందేమో అని తల్లికి భయం. అతనికి మాత్రం, తను తప్పటడుగు వేసినా ఇంట్లోకి రానిస్తారని తెలుస్తుంది. బాత్రూమ్ లోపలి గడియ ఆ వారం తీయించేయాలి. ఓఎస్టీ కౌంటరుకి మొదటి కొన్ని రోజులు ఎవరో ఒకరు తోడు వెళ్లాలి, బండి మీద దింపి, ఆ పది నిమిషాలూ బయట టీ కొట్టు దగ్గర నిలబడి, పనికి దింపి రావాలి. అన్న వెళ్లొచ్చు, మేనమామ వెళ్లొచ్చు, పక్కింటి కుర్రాడైనా వెళ్లొచ్చు.